వెబ్‌సైట్ల యాక్సెసిబిలిటీ పరీక్ష గురించి

సభ్యులందరికీ నమస్కారం. చూపు లేనివారు, మౌస్ పట్టుకోలేనివారు కూడా మన పేజీలను వాడగలుగుతున్నారో లేదో, కొత్త మార్పును ప్రచురించే ముందు ప్రతిసారీ పరీక్షించవలసిందిగా కోరుతున్నాను. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, అందులో ఉండే లైట్‌హౌస్ అనే పరీక్ష పరికరంలో యాక్సెసిబిలిటీని (అంటే అందరూ వాడగలగడాన్ని) మాత్రమే ఎంచుకొని నడిపితే, వివరణ లేని బొమ్మలు, పేరు లేని బటన్లు, లేబుల్ లేని ఫారం గడులు, కాంట్రాస్ట్ (వెనుక రంగుతో పోలిస్తే వెలుగు తేడా) 4.5:1 కన్నా తక్కువగా ఉన్న మామూలు సైజు అక్షరాలు కొద్దిసేపట్లోనే బయటపడతాయి. పేజీలు ఎక్కువైతే, లైట్‌హౌస్ లోపల పనిచేసే యాక్స్-కోర్ అనే తనిఖీ ప్రోగ్రామునే, బ్రౌజర్‌ను దానంతటదే నడిపే ప్లేరైట్‌తో కలిపి, లాగిన్ అయ్యాక కనిపించే భాగాలతో సహా అన్నింటినీ వరుసగా పరీక్షించవచ్చు.

అయితే లైట్‌హౌస్‌లో 100కు 100 స్కోరు వచ్చిందని ఆగిపోవద్దు. బొమ్మకు వివరణ ఉందో లేదో ఈ పరికరం చెప్పగలదు గాని, ఆ వివరణ వేరే బొమ్మదైతే పట్టుకోలేదు. తెలుగు పేజీల విషయంలో నన్ను ఎక్కువగా బాధించేది భాష గుర్తింపు: ఇంగ్లీషు టెంప్లేటును కాపీ చేసినప్పుడు పేజీ కోడ్‌లో రాసే భాష (lang) 'ఇఎన్' (en, అంటే ఇంగ్లీషు) అనే మిగిలిపోతుంది, అది చెల్లుబాటయ్యే కోడే కాబట్టి పరికరం ఒప్పుకుంటుంది, తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి తడబడవచ్చు. ఆ కోడ్‌ను 'టిఇ' (te, అంటే తెలుగు)గా మార్చండి. ఆ తరువాత మౌస్ పక్కన పెట్టి, ట్యాబ్ కీతో, ఉచితంగా దొరికే ఎన్‌విడిఎ (NVDA) అనే స్క్రీన్ రీడర్‌తో దరఖాస్తు ఫారాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి స్వయంగా నింపి చూడండి.