షాపు పన్నెండు రోజులు ఎందుకు మూశానంటే... ఎడారిలో ఉప్పు గుట్ట చూసొచ్చాను

అందరికీ నమస్కారం. జనవరిలో పన్నెండు రోజులు మా ఉప్పు షాపు మూసి ఉంది, ఫోన్లు కూడా సరిగా ఎత్తలేదు. ఆర్డరు ఇచ్చిన వాళ్లు చాలామంది కోప్పడ్డారు, కోప్పడాల్సిందే, ముందే చెప్పి వెళ్లాల్సింది. ఒమన్‌లో వెల్డరు పని చేస్తున్న మా తమ్ముడు రెండేళ్లుగా రమ్మంటుంటే ఈసారి వెళ్లాను. అక్కడ దిగిన ఒక ఫోటో స్టేటస్‌లో పెట్టిన దగ్గర్నుంచి అందరిదీ ఒకటే మాట, ఆ ఉప్పు తెచ్చారా, అమ్ముతారా, మేమూ వెళ్లి చూడొచ్చా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

తేలేదు. అమ్మను. చూడొచ్చా అన్నదానికి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

నేను చూసినదాన్ని సాల్ట్ డోమ్ అంటారు, అంటే నేల లోపల్నుంచి పైకి లేచిన ఉప్పు గుమ్మటం. పేరు కరత్ కిబ్రిత్. కిబ్రిత్ అంటే అరబ్బీలో గంధకం. మస్కట్ నుంచి నిజ్వా 160 కిలోమీటర్లు, అది దాటితే ఆదమ్ అనే ఊరు, అక్కడితో కొండలు అయిపోయి ఎడారి మొదలవుతుంది. ఎడారంటే నేను ఇసుక తిన్నెలే అనుకున్నాను, ఇది అలా లేదు, చదునైన గులకరాళ్ల నేల, కంటికి ఆనేంత దూరం ఒక్క చెట్టు లేదు. చివర్లో తారు రోడ్డు కూడా ఉండదు, టైర్ల జాడ పట్టుకుని పోవడమే. తమ్ముడి స్నేహితుడు, కవిటి వైపు అబ్బాయి, పికప్ నడిపాడు కాబట్టి సరిపోయింది.

దూరం నుంచి చూస్తే అంత పెద్దదేమీ కాదు, మన వైపు మామూలు గుట్టంత కూడా ఉండదు. దగ్గరికి వెళ్తే పైనంతా నల్లటి సున్నపురాయి పెళ్లలు, ముక్కలు ముక్కలుగా, ఎవరో లారీతో తెచ్చి పోసినట్టు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. ఒకటి పగలగొడితే గుప్పుమని వాసన కొట్టింది. వాటి మధ్య అక్కడివాళ్లు ఎప్పటినుంచో ఉప్పు తవ్వుకున్న గోతులు. అలాంటి ఒక గోతిలోకి దిగి ఫోన్ లైటు వేశాను. గోడంతా ఉప్పే! తెలుపు, బూడిద రంగు, అక్కడక్కడ ఎర్ర చార, చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా ఉంది. వేలితో రాసి నాలుక మీద పెట్టుకున్నాను, మన ఉప్పు రుచే.

మా తాత, మా నాన్న శ్రీకాకుళం జిల్లా నౌపడలో, సముద్రం నీరు ఎండబెట్టి ఉప్పు తీసే మళ్లలో పని చేసినవాళ్లు, నేనూ చిన్నప్పుడు ఆ గట్ల మీద తిరిగినదాన్నే. ఉప్పంటే చదునుగా, మోకాలి కిందే చూసిన మనిషిని. నా ఎత్తుకి మించి నిలబడ్డ ఉప్పు గోడ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, తమ్ముడు పైనుంచి రెండుసార్లు పిలిచాడు.

ఆ ఉప్పు అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకుంటే ఇంకా ఆశ్చర్యం. సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట, నేల మీద ఒక్క మొక్క కూడా లేని కాలంలో, అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. ఆ నీరు ఎండి ఉప్పు పేరుకుంది, మళ్లీ సముద్రం వచ్చింది, మళ్లీ ఎండింది, ఇలా చాలాసార్లు. తర్వాత దాని మీద మట్టీ ఇసకా కిలోమీటర్ల మందాన పడ్డాయి. బరువు పడేకొద్దీ మట్టి నలిగి నలిగి బరువెక్కుతుంది, ఉప్పు అలా నలగదు, తేలికగానే ఉండిపోతుంది. పైగా అంత ఒత్తిడిలో ఉప్పు రాయిలా ఉండదు, చాలా నెమ్మదిగా ముద్దలా కదులుతుంది. గారెల పిండి గుప్పిట్లో పెట్టి నొక్కితే వేళ్ల సందుల్లోంచి పైకి వస్తుంది కదా, సరిగ్గా అలాగే సందు దొరికిన చోట పై పొరలన్నీ చీల్చుకుని లేచింది. వచ్చేటప్పుడు అడుగున ఉన్న సున్నపురాయిని కూడా విరిచి మోసుకొచ్చింది, పైన పడి ఉన్న నల్ల పెళ్లలు అవే. ఒమన్ నడి ఎడారిలో ఇలా నేల మీదికి వచ్చినవి ఆరు ఉన్నాయి. ఇలాంటి గుమ్మటాల చుట్టూ చమురు చిక్కుకుంటుంది కాబట్టి ఆయిల్ కంపెనీల వాళ్లకి వీటి గురించి బాగా తెలుసు.

ఇంత ఉప్పు పైకొచ్చి కరిగిపోకుండా ఎలా ఉంది అంటే, వాన లేదు కాబట్టి. మనకి ఒక్క తుఫానుకి పడే వాన అక్కడ ఏడాదికి పడదు. మన దగ్గర ఇదే గుట్ట లేచి ఉంటే ఎప్పుడో కరిగి సముద్రంలో కలిసిపోయేది. తిత్లీ తుఫాను అప్పుడు మా షెడ్డులోకి నీళ్లు వచ్చి బస్తాలు కరిగిపోవడం కళ్లారా చూశాను, ఆ బాధ నాకు తెలుసు.

నన్ను బాగా కదిలించింది ఇంకొకటి ఉంది. ఉప్పు రైతు ఇంట్లో పుట్టిన వాళ్లకి తెలుస్తుంది, సముద్రం నీరు 3 డిగ్రీల దగ్గర (ఇది వేడి కాదు, నీటి చిక్కదనం కొలిచే డిగ్రీ) మొదలై మడి మారుతూ చిక్కబడుతుంది, ఉప్పు కట్టేది 25 దగ్గర. దానికి ముందే సున్నం, తర్వాత జిప్సం అడుగున కూర్చుంటాయి, కాళ్ల కింద గరగరలాడే ఆ పొర మా నాన్నకి అరికాలితోనే తెలిసేది. ఆ ఎడారి అడుగున కూడా అదే వరస అంట, ముందు సున్నపురాయి, దాని మీద జిప్సం జాతి రాయి, ఆ పైన ఉప్పు, మళ్లీ మొదటి నుంచి. 54 కోట్ల ఏళ్ల నాటి సముద్రం, మా నాన్న మడి ఒకే లెక్కన నడిచాయి. ఈ మాట ఫోన్లో నాన్నకి చెప్తే, మరి నీరు ఎవరు పెట్టారంట అని అడిగారు.

ఇప్పుడు వెళ్లాలనుకునే వాళ్లకి. అక్కడ టికెట్ లేదు, బోర్డు లేదు, నీడ లేదు, బాత్రూమ్ లేదు, తాగడానికి నీళ్లు దొరకవు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే వెళ్లాలి, ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటుతుంది. దారి తెలిసిన మనిషి, పెద్ద చక్రాల బండి లేకుండా వద్దు. ఉప్పు కరిగి నేల లోపల బొర్రలు పడే జాగాలు ఉంటాయి కాబట్టి పిల్లల చెయ్యి వదలకూడదు, గోతుల్లోకి ఒంటరిగా దిగకూడదు. కేవలం దీనికోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను. పిల్లలో అన్నదమ్ములో అక్కడ పని చేస్తున్న ఇళ్లు మన జిల్లాలో ఎన్నో ఉన్నాయి, ఎలాగూ వెళ్తే నిజ్వా కోట, చుట్టుపక్కల ఖర్జూరం తోటలు చూసి, ఒక రోజు దీనికి పెట్టుకోండి. రాళ్లన్నా భూమి అన్నా ఇష్టం ఉన్న పిల్లలుంటే తప్పకుండా చూపించండి.

ఇంకా ఘనమైనవి ఇరాన్‌లో ఉన్నాయి. హోర్ముజ్ దీవి అలా పైకి లేచిన ఉప్పు గుమ్మటమే, అక్కడి ఎర్రమట్టిని ఊరివాళ్లు వంటలో కూడా వాడతారు. పక్కనున్న కెష్మ్ దీవిలో 6 కిలోమీటర్లకి పైగా పొడవున్న ఉప్పు గుహ ఉంది. కొన్ని చోట్ల మంచు జారినట్టు ఉప్పు కొండ మీద నుంచి కిందికి జారుతుందట. నాకూ చూడాలనే ఉంది, కానీ అక్కడి పరిస్థితులు చూస్తూ ఎవరినీ వెళ్లమని చెప్పే ధైర్యం నాకు లేదు.

గులాబీ ఉప్పు ఎందుకు పెట్టరు అని అడిగేవాళ్లకి. అది పాకిస్తాన్‌లోని ఖేవ్రా గని వైపుది, సింధు ప్రాంతం నుంచి వచ్చేది కాబట్టే మన పెద్దలు సైంధవ లవణం అన్నారు. వయసులో అది దాదాపు ఆ ఒమన్ ఉప్పుకి తోడబుట్టిందే. రంగు ఇనుము వల్ల వచ్చింది. ఏ ఉప్పయినా తొంభై పాళ్లకి పైగా అదే సోడియం క్లోరైడ్, బీపీ ఉన్నవాళ్లు ఏదైనా తగ్గించే తినాలి. అదేదో మందన్నట్టు నాలుగింతల ధరకి అమ్మడం నాకు మనసొప్పదు. నా దగ్గర ఉండేది నౌపడ గళ్లుప్పు, అయోడిన్ కలిపింది, అంతే.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నవంబరులో పంపిన 5 కిలోల సంచుల్లో కొన్ని చెమ్మగిల్లి చేరాయి. వానల్లో సరిగా ఆరని సరుకు తొందరపడి కట్టేశాను. ఎవరికి అలా వచ్చిందో ఒక్క మెసేజ్ పెట్టండి, ఫోటో కూడా అక్కర్లేదు, కొత్త ఉప్పు రాగానే ఖర్చు నాదిగా పంపుతాను. ధర మాత్రం కిలోకి రెండు రూపాయలు పెరుగుతుంది, కూలి రేట్లు పెరిగాయి, ఎండలో ఆ పని చేసేవాళ్ల దగ్గర నేను బేరమాడలేను.

ఇంకో మాట. ఆ గోతిలోంచి పైకి వచ్చాక తమ్ముడు అడిగాడు, ఇంత దూరం వచ్చి ఉప్పు చూశావు, మన మళ్లు ఎప్పుడైనా ఎవరికైనా చూపించావా అని. లేదు. ఇరవై ఏళ్లుగా నా దగ్గర ఉప్పు కొంటున్న టెక్కలి వాళ్లు కూడా మడి దగ్గర నిలబడి చూసి ఉండరు. అందుకే మార్చి మొదటి ఆదివారం నుంచి, వానలు పడేవరకూ, ప్రతి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి షాపు దగ్గర్నుంచి నౌపడ మళ్లకి తీసుకెళ్తాను. డబ్బులేమీ వద్దు. ఒక్కసారికి పదిమందే, గట్లు సన్నగా ఉంటాయి, రైతుల పనికి అడ్డం కాకూడదు. చెప్పులు గట్టు మీదే విప్పాలి. నాన్న వస్తానన్నారు, నీరు ఎన్ని డిగ్రీలుందో ఆయన మీటరు లేకుండా చెప్తారు, పిల్లలు అడగండి. మార్చిలో అయితే తేలినీలాపురానికి వలస వచ్చే కొంగలు కూడా ఇంకా ఉంటాయి, తిరిగి వచ్చేటప్పుడు చూసుకోవచ్చు.

ఆవకాయకి కావాల్సిన వాళ్లు ఇప్పుడే పేరు రాయించుకోండి, కొత్త ఉప్పు ఏప్రిల్ మొదటి వారానికి ఆరబెట్టి కడతాను, ఈసారి పూర్తిగా ఆరాకే.