లెక్కల సారు లేని బడి గురించి విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నల్లగొండ జిల్లా మునుగోడు వైపు పల్లె నుంచి, తొమ్మిదో తరగతి చదివే ఆడపిల్ల తండ్రి నమస్కరించి రాయునది.

అయ్యా, మా హైస్కూల్ లెక్కల సారును డెప్యుటేషన్ మీద వేరే మండలానికి పంపారు. ఆయన జాగాలో ఎవరూ రాలేదు. ప్రజావాణిలో అర్జీలు ఇచ్చాం, పెద్దలను కలిశాం. చూస్తాం అన్నారు, చూడలేదు. ఇక అందరి ముందూ అడగక తప్పడం లేదు.

అంతర్జాతీయ ప్రమాణాల చదువు ఇస్తామని మీరు అంటుంటే మాకూ ఆశ పుడుతుంది. కానీ పదిహేనేళ్ల పిల్లల చదువును దేశదేశాల మధ్య పోల్చి చూసే పీసా అనే అంతర్జాతీయ పరీక్షలో, 2009 విడతకు మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు కూర్చుంటే, లెక్కల్లో 74 పేర్ల జాబితాలో మన వెనక కిర్గిజిస్తాన్ ఒక్కటే ఉంది. ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు సరిపోలేదని అప్పుడు ఢిల్లీలో అన్నారు. 2022 పరీక్షలో సింగపూర్ పిల్లలకు లెక్కల్లో సగటున 575 పాయింట్లు వచ్చాయి. ఆ జాబితాలో మన దేశం పేరే లేదు.

పరిసరాల మాట నేను ఒప్పుకోను. ఆ పరీక్ష అడిగేది నేర్చుకున్న లెక్కను బతుకులో వాడగలవా అని. మా అమ్మాయికి శాతాల సూత్రం నోటికి వచ్చు. పత్తి అమ్మిన చిట్టీ చేతికిచ్చి, తేమ 8 శాతం దాటినందుకు క్వింటాలుకు ఎంత కోశారో చెప్పు బిడ్డా అంటే, పెన్ను పట్టుకుని నా మొహం చూసింది. పత్తి ఏరిన చేతులే అవి. చెప్పేవాళ్లు లేక ఆగిపోయింది. లెక్కల పీరియడ్‌లో హిందీ టీచర్ కూర్చుంటున్నారు. అప్పుడప్పుడు సైన్స్ సారు వచ్చి రెండు లెక్కలు చేయించి పోతే, ఆయన పాఠాలు వెనకబడుతున్నాయి.

ఆ సైన్స్ సామాన్ల బీరువాకేమో తాళం. నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేస్తే, దానికి పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మా పిల్లలు తాతల వంకర కాళ్లలో చూశారు. మా బోరు నీళ్లు ఒక గ్లాసులో పోసి పటిక కలిపి చూసే భాగ్యం మాత్రం వాళ్లకు లేదు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ.

వచ్చే ఏడు టెన్త్. పిల్లకు ఇప్పటినుంచే టెన్షన్. ట్యూషన్ పెట్టిద్దామంటే ఊళ్లో లేదు, హాస్టల్‌కు పంపే స్తోమత నాకు లేదు.

దండం పెట్టి అడుగుతున్నాను, మా సారును మాకు పంపండి. ఆయన కుదరకపోతే ఇంకొకరిని పంపండి. బీరువా తెరిపించండి. తర్వాత మన రాష్ట్రం పిల్లలను ఆ పీసాకూ కూర్చోబెట్టండి, ఏ ర్యాంకు వచ్చినా దాచకండి. అంతకంటే ముందు, లెక్కల సారు ఏ తేదీకి వస్తారో మా బడికి రాతపూర్వకంగా తెలియజేయించండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
నల్లగొండ జిల్లా