2025 వార్షిక నివేదిక: కార్యదర్శి నుంచి సభ్యులకు

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏడాది పనుల నివేదిక ఇవ్వాలన్నది మన నియమావళి. సంక్రాంతి, ఉగాది, వనభోజనాలు, బతుకమ్మ, దీపావళి అన్నీ సక్రమంగా జరిగాయి. ఫొటోలు అందరూ చూశారు, భోజనాలు అందరూ చేశారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఉగాది పచ్చడి చేసిన అక్కయ్యలకు, బతుకమ్మకు తమ పెరటి పూలన్నీ కోసిచ్చిన కుటుంబాలకు, ప్రతిసారీ హాలు ఊడ్చి, తాళం వేసి ఆఖరున ఇంటికి వెళ్ళిన ఆ నలుగురికి పేరుపేరునా ధన్యవాదాలు.

ఈ ఏడు మనం గర్వంగా చెప్పుకోవలసింది జూన్‌లో జరిపిన లాక్రాస్ కార్యక్రమం. కొసకు వల ఉన్న కర్రతో బంతిని పట్టి, విసిరి గోల్ వేసే ఆట ఇది. "మనకు క్రికెట్ ఉండగా ఇదెందుకండీ?" అని కార్యవర్గంలోనే కొందరు అడిగారు. అడగడం న్యాయమే. మనం కాపురం ఉంటున్నది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రపు సిరక్యూస్‌లో. ఊరికి దక్షిణాన ఒనొండాగా నేషన్ అనే ఆదివాసీ జాతి ఉంది. ఈ ఆట వాళ్ళది, వాళ్ళతో కలిపి ఆరు జాతుల కూటమి అయిన హోడెనొషోనీలది. సృష్టికర్త కోసం ఆడే ఆట అని, జబ్బుపడ్డవాళ్ళకు మందు అని వాళ్ళు తరతరాలుగా నమ్ముతున్నారు. మన పిల్లలు పెరుగుతున్న నేల ఆట ఇది. పైగా 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌నీ, లాక్రాస్‌నీ కలిపే 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో చేర్చారు. ఈ మాట చెప్పాక మరి ఎవరూ వద్దనలేదు.

కార్యక్రమంలో మొదటి గంట సిరక్యూస్ యూనివర్సిటీ జట్టుకు ఆడిన లాక్రాస్ వీరుడు గ్యారీ గేట్ గురించి. చెప్పింది మన సంఘంలోని పెద్దాయన ఒకరు. తన పేరు రాయవద్దన్నారు. 1988లో ఆయన ఇక్కడ ఎం.ఎస్. విద్యార్థి. ఆ మే నెలలో మిత్రుడు లాక్కెళ్తే యూనివర్సిటీ స్టేడియమైన డోమ్‌కి వెళ్ళి, ఆట నియమాలేవీ తెలియకుండానే పెన్సిల్వేనియా యూనివర్సిటీతో జాతీయ కాలేజీ పోటీల సెమీఫైనల్ చూశారట. గేట్ బంతితో గోల్ వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, పైకెగిరి, ఆరడుగుల ఎత్తున్న అడ్డకమ్మీ మీదుగా కర్ర చాచి బంతిని లోపలికి దించాడు. పక్కవాళ్ళంతా లేచి నిలబడితే తానూ లేచానని, ఏం జరిగిందో అర్థం కావడానికి కాసేపు పట్టిందని చెప్పారు. అదే మ్యాచ్‌లో గేట్ మళ్ళీ అలాగే రెండో గోల్ వేశాడు. సిరక్యూస్ 11–10తో గట్టెక్కింది. ఫైనల్లో కార్నెల్‌ని 13–8తో ఓడించింది. తర్వాత ఆ ఎత్తుగడను నిబంధనల్లోనే నిషేధించారు. అది చెప్పేటప్పుడు పెద్దాయన కుర్చీ వెనక్కి వెళ్ళి, చేతికర్రను కుర్చీ వీపు మీదుగా దించి చూపించారు. పిల్లలు మళ్ళీ చెయ్యమన్నారు. మూడుసార్లు చేశారు.

గ్యారీ, పాల్ కవలలు. 1967లో కెనడా పడమటి తీరాన విక్టోరియాలో పుట్టారు. అక్కడ వేసవిలో మంచు తీసేసిన హాకీ రింకుల్లో లాక్రాస్ ఆడతారు. చుట్టూ గోడ, ఇరుకు జాగా, చిన్న గోల్. వీపు వెనక నుంచి, ఒంటిచేత్తో కొట్టే విద్య అన్నదమ్ములకు అక్కడ అబ్బింది. పెద్ద మైదానంలో ఆ విద్యను అడ్డుకోవడం ఇక్కడివాళ్ళ వల్ల కాలేదు. 1988 సీజన్ ఒక్కదాంట్లోనే గ్యారీ 70 గోల్స్ వేశాడు. తర్వాత ప్రొఫెషనల్ ఇండోర్ లీగ్‌లో 1995 నుంచి 1999 వరకు వరసగా అయిదేళ్ళు, మళ్ళీ 2003లో అత్యుత్తమ ఆటగాడు. ఆ రోజుల్లో లీగ్ ఇచ్చే డబ్బుతో ఇల్లు గడిచేది కాదు. వారాంతంలో ఆడి సోమవారం ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

నన్ను ఎక్కువ కదిలించింది కోచ్‌గా ఆయన చేసిన పని. ఆటగాడిగా శిఖరాన ఉన్న రోజుల్లోనే మేరీలాండ్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టులో సిండీ టిమ్‌చల్ కింద సహాయకుడిగా చేరాడు. 1995 నుంచి 2001 దాకా ఏడేళ్ళు వరసగా ఆ జట్టే ఛాంపియన్. అంత పేరున్నవాడు అమ్మాయిలకు నేర్పడానికి ఎందుకెళ్ళాడని మన తొమ్మిదో తరగతి పాప అడిగింది. వాళ్ళ కర్రకు వల లోతు తక్కువ, బంతి నిలవడం కష్టం, ఒకరినొకరు గుద్దుకోవడానికి వీల్లేదు, అంతా మణికట్టులోనే ఉంటుంది, నేర్పేవాడికి అంతకంటే ఏం కావాలమ్మా అన్నారు పెద్దాయన.

2006లో ఆ ఇండోర్ లీగ్‌లోని కొలరాడో మామత్ జట్టుకు కోచ్‌గా మొదటి ఏడాదే లీగ్ టైటిల్ తెచ్చాడు. అదే వేసవిలో 39 ఏళ్ళ వయసులో మళ్ళీ కర్ర పట్టి ప్రపంచ పోటీల్లో ఆడాడు. ఫైనల్లో కెనడా అమెరికాను 15–10తో ఓడించింది. 1978 తర్వాత కెనడాకు అదే మొదటి టైటిల్. ఆ తర్వాత సిరక్యూస్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకు కోచ్. 2012, 2014, 2021 జాతీయ ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు, మూడూ ఓడిపోయారు. 2021లో అబ్బాయిల జట్టు చేతికొచ్చింది. 2022లో నాలుగు గెలుపులు, పది ఓటములు. ఊళ్ళో ఎన్ని మాటలన్నారో మనమూ విన్నాం. 2025లో అదే జట్టు ఏసీసీ (అట్లాంటిక్ తీర యూనివర్సిటీల కూటమి) టైటిల్ గెలిచి జాతీయ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఆ మ్యాచ్ మనవాళ్ళు ఒకరింట్లో కలిసి చూశారు. మేరీలాండ్ చేతిలో 14–8తో ఓడాక కూడా పిల్లలు టీవీ ముందునుంచి లేవలేదు.

రెండో గంట పార్కులో సాధన. కాలేజీలో ఆడిన మన కుర్రాడొకడు కర్రలు తెచ్చి నేర్పాడు. పరుగెత్తేటప్పుడు బంతి జారకుండా కర్రను మణికట్టుతో అటూ ఇటూ తిప్పుతుండాలి. పిల్లలకు ఎంత చెప్పినా రాలేదు. తెనాలి నుంచి వచ్చిన ఒక అమ్మమ్మగారు బెంచీ మీద నుంచి, "మజ్జిగ చిలికినట్టు తిప్పండర్రా, కవ్వం ఎప్పుడూ చూళ్ళేదా" అన్నారు. వాళ్ళు చూడలేదు. ఆవిడే లేచి కర్ర రెండు అరచేతుల మధ్య పెట్టుకుని చూపించారు. అరగంటలో సగం మందికి పట్టుబడింది. ఆవిడకు కార్యవర్గం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. సాధనకు సాయం వస్తామని పద్నాలుగు మంది పేర్లిచ్చారు. వచ్చింది నలుగురు. మిగతావాళ్ళు పిల్లల్ని గేటు దగ్గర దింపి వెళ్ళిపోయారు, రాలేమని ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. నీళ్ళ సీసాలు మోసింది కోశాధికారి గారి అబ్బాయి, వాడికి పదకొండేళ్ళు. మైదానం అనుమతి కోసం ఒక కార్యాలయానికి ఏడు వారాలు తిరిగాను. తీరా ఆ రోజు గేటుకి తాళం. ఫోన్ ఎత్తినవాళ్ళు లేరు. కంచె అవతలి గడ్డిలో మొదలుపెట్టాం. నాకు బాధ కలిగింది, అందుకే రాస్తున్నాను.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. ఆడిటరు గారు చూసి సంతకం చేశారు. లాక్రాస్ కర్రలు, రక్షణ కళ్ళద్దాల ఖర్చు విరాళాల నుంచే పెట్టాం, సభ్యత్వ రుసుము ముట్టుకోలేదు. దాతలందరికీ నమస్సులు.

వచ్చే వేసవిలో నెలకు రెండు శనివారాలు సాధన పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. ఒక్కో శనివారానికి ఆరుగురు పెద్దలు కావాలి. నిజంగా రాగలిగినవాళ్ళే సమావేశంలో పేర్లివ్వండి. జూన్‌లో ఇంటికి తీసుకెళ్ళిన కర్రల్లో రెండు ఇంకా రాలేదు, అవి కూడా ఆ రోజు తెచ్చివ్వండి.

మీ
కార్యదర్శి