చీర వెనుక వైపు చూపించని మీ వెబ్‌సైట్

నల్గొండ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: పోచంపల్లి ఇక్కత్ పట్టు చీర అని వెబ్‌సైట్‌లో చూపించి అచ్చు వేసిన పాలిస్టర్ చీర పంపడం, దాన్ని వాపసు తీసుకోవడానికి నిరాకరించడం, మీ వెబ్‌సైట్ నడుస్తున్న తీరు గురించి ఫిర్యాదు.

అయ్యా,

1991లో నా పెళ్లి చీర మీ దుకాణంలోనే కొన్నాం. ఆ రోజు తెల్లటి దుప్పటి పరిచిన గద్దె మీద మీ నాన్నగారు కూర్చుని ఉన్నారు. మా అమ్మ పోచంపల్లి చీర చూపించమని అడిగింది. ఆయన మడత విప్పి, చీరను తిరగేసి, వెనుక వైపు పైకి వచ్చేలా మా అమ్మ ఒడిలో పరిచారు. "ముందు ఇటు చూడండమ్మా. ఇటు బాగుంటే అటు చూడనక్కరలేదు" అన్నారు. ముప్పై ఏళ్లు దాటినా ఆ మాట నాకు గుర్తుంది. నేను మీకు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

ఆయన అలా ఎందుకు తిప్పారో అప్పుడు నాకు తెలియదు. తర్వాత పోచంపల్లికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో పదకొండేళ్లు తెలుగు చెప్పాను. నా తరగతిలో సగం మంది నేత కుటుంబాల పిల్లలు. బడికి వచ్చే ముందు కండెలు చుట్టి వచ్చేవారు. వాళ్ల ఇళ్లకు వెళ్లినప్పుడు తెలిసింది, ఇక్కత్‌లో బొమ్మ గుడ్డ మీద పడదని, నూలులోనే పుడుతుందని. నేయకముందే పోగులను కొలత ప్రకారం రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ఆ కట్లు విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్ని సార్లు ఆ పని. అలా రంగులు అద్దిన పోగులను మగ్గం మీద ఒకదాని పక్కన ఒకటి సరిచూసుకుంటూ నేస్తే బొమ్మ తేలుతుంది. అందుకే ఇక్కత్ చీర ముందు ఎలా ఉంటుందో వెనుకా అలాగే ఉంటుంది. బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు, నీటిలో నీడలా కనిపిస్తాయి. అచ్చు వేసిన చీరలో గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనుక రంగు వెలిసినట్టుంటుంది. మీ నాన్నగారు చీర తిరగేసి చూపించారంటే, దాచవలసినది ఏమీ లేదని ఒక్క కదలికతో చెప్పారన్నమాట.

ఇక జరిగిన విషయానికి వస్తాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. నా పదవీ విరమణ నాడు కట్టుకోవడానికి ఒక మంచి చీర పంపాలనుకుంది. నాతో మీ దుకాణానికి ఆరేళ్ల పిల్లగా ఒకసారి వచ్చింది, అంతే. అయినా మీ పేరు ఇంట్లో వింటూ పెరిగింది కాబట్టి ఇంకెక్కడా వెతకకుండా నేరుగా మీ వెబ్‌సైట్ తెరిచింది. 'చేనేత పోచంపల్లి ఇక్కత్, స్వచ్ఛమైన పట్టు' అని రాసి ఉన్న ముదురాకుపచ్చ చీర ఎంచుకుంది. 8,450 రూపాయలు చెల్లించింది. చీర నల్గొండలో మా ఇంటికి వచ్చింది.

అట్టపెట్టె తెరిచి మడత విప్పగానే నా చెయ్యి అలవాటుగా వెనుక వైపుకు వెళ్లింది. ఆకుపచ్చ కాదు, బూడిద రంగు పాలిపోయి కనిపించింది. కొంగు చివర రెండు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలినది వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. ఇది కరిగి నల్లటి గట్టి ఉండ అయింది. అంటే అది పట్టూ కాదు, ఇక్కతూ కాదు. పాలిస్టర్ గుడ్డ మీద ఇక్కత్ బొమ్మను అచ్చు వేశారు.

అచ్చు చీరలు అమ్మడం తప్పని నేను అనడం లేదు. నేనూ రోజూ బడికి అవే కట్టుకెళ్లాను. ఏడెనిమిది వందలకు అచ్చు చీర అని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దానికి పోచంపల్లి పేరు పెట్టడం తప్పు. 2004-05లోనే పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెందుతుందన్న గుర్తింపు దక్కింది. ఆ పేరును తప్పుగా వాడితే 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రకారం జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. చేనేత చీరకు చేనేత మార్కు ఉంటుంది, పట్టుకు సిల్క్ మార్కు ఉంటుంది. నాకు వచ్చిన చీర మీద రెండూ లేవు. మీ వెబ్‌సైట్‌లో మాత్రం ఆ చీర ఫోటో పక్కన ఒక ముసలాయన మగ్గం మీద వంగి నేస్తున్న ఫోటో ఉంది. వెతికి చూస్తే అదే ముసలాయన అదే మగ్గం మీద గద్వాల చీర పక్కనా ఉన్నాడు, వెంకటగిరి చీర పక్కనా ఉన్నాడు, ఉప్పాడ జాందానీ పక్కనా ఉన్నాడు. ఆ నాలుగు ఊళ్ల నేతలు వేరు వేరని మీకు నేను చెప్పాలా?

వాపసు కోసం ప్రయత్నిస్తే 'మడత విప్పిన చీరలు తిరిగి తీసుకోబడవు' అన్న నియమం చూపించారు. మడత విప్పకుండా వెనుక వైపు చూసేది ఎలా? మీ వెబ్‌సైట్‌లో ఆ చీరకు ఏడు ఫోటోలున్నాయి. ఏడూ ముందు వైపువే. ఫోటోలో చూపించరు, ఇంటికి వచ్చాక విప్పనివ్వరు. ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. మీరు రాసుకున్న నియమం వాటిని దాటి నిలవదు.

ఫోను చేద్దామంటే మీ వెబ్‌సైట్‌లో నంబరు లేదు. ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు కనబడేలా ఉంచాలని, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలని, నెలలోపు పరిష్కరించాలని అవే నియమాలు చెబుతున్నాయి. అధికారి పేరు కోసం మీ పేజీలన్నీ తిరిగాను, ఎక్కడా లేదు. ఖాళీలు నింపే పత్రం ఒకటి దొరికితే మూడుసార్లు నింపి పంపాను. 'మీ సంతృప్తే మా ధ్యేయం' అన్న యాంత్రిక జవాబు మూడుసార్లూ వచ్చింది. ఆ తర్వాత ముప్పై నాలుగు రోజులు గడిచాయి.

ఈ మధ్యలో మీ వెబ్‌సైట్‌ను నేను ఓపికగా, ఒక్కో పేజీ తెరిచి చూశాను. చూసిన కొద్దీ చీర పోయిన బాధ కంటే వేరే బాధ పెరిగింది.

చీర ధర కింద ఒక గడియారం తిరుగుతూ ఉంటుంది. 'ఈ ధర ఇంకా 10 నిమిషాలే' అని. మా అమ్మాయి ఆ గడియారం చూసే తొందరపడింది. నాకు ఫోను చేసి అడగాలనుకుందట, అక్కడ పగలు, ఇక్కడ అర్ధరాత్రి, సమయం మించిపోతుందని చేయలేదట. నేను ఆ పేజీని నాలుగు రోజులు వరుసగా తెరిచాను. ప్రతిసారీ అదే పది నిమిషాల నుంచి మొదలవుతుంది, ధర మారదు. మీ దుకాణంలో మా అమ్మ ఆ రోజు మూడు గంటలు కూర్చుంది. ఇరవై చీరలు విప్పించింది. మజ్జిగ తెప్పించి ఇచ్చారు గానీ, త్వరగా తేల్చమని ఎవరూ అనలేదు.

బిల్లు దగ్గర ఇంకొకటి ఉంది. 'నేతన్నల సంక్షేమానికి 99 రూపాయలు' అని ముందుగానే టిక్కు పెట్టి ఉంచారు. తీసేయాలంటే కిందికి జరిపి చిన్న అక్షరాలు వెతకాలి. మా అమ్మాయి గమనించకుండానే ఆ డబ్బు కట్టింది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు పద్ధతులంటూ 13 రకాలను గుర్తించి నిషేధించింది. లేని తొందర పుట్టించడం అందులో ఉంది. కొనేవారిని అడగకుండా బిల్లులో విరాళం చేర్చడమూ అందులో ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి. నేతన్న నేయని చీర అమ్మి, నేతన్న పేరు మీద అదనంగా 99 రూపాయలు తీసుకోవడం నన్ను ఎంత కలచివేసిందో మాటల్లో చెప్పలేను. ఆ కుటుంబాల పిల్లలకు నేను పాఠం చెప్పాను. ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు పోగును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి చుట్టడానికి, రోజంతా చెయ్యి ఆడించి భుజాలు పడిపోయిన తల్లులను చూశాను. ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు తన తల్లి కోసం ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ భుజాల కష్టం పేరు చెప్పి మీరు వసూలు చేసిన డబ్బు ఎవరికి చేరింది? దయచేసి లెక్క చెప్పండి.

తెలుగు ఉపాధ్యాయురాలిగా మరొక మాట చెప్పకుండా ఉండలేను. మీ వెబ్‌సైట్‌లో తెలుగు ఎంచుకునే వీలు పెట్టారని మొదట సంతోషించాను. చదివాక పేజీ మూసేశాను. ఎర్ర అంచు చీరను 'ఎరుపు సరిహద్దు చీర' అన్నారు. చీరతో కలిసి వచ్చే రవిక గుడ్డను 'నడుస్తున్న రవిక' అన్నారు. మగ్గం మీద నిలువుగా సాగే పోగులను చెప్పే పడుగు అనే మాట ఉండవలసిన చోట 'వంకర' అని ఉంది. ఇంగ్లీషు మాటలను యంత్రానికి అప్పజెప్పి, అది ఇచ్చినదాన్ని ఒక్క మనిషి కూడా చదవకుండా పెట్టారని తెలిసిపోతుంది. అంచు, కొంగు, పడుగు, పేక, జరీ, బుటా... ఈ మాటలు మీ దుకాణంలో గుమాస్తాల నోట రోజూ నలిగేవే. వారిలో ఒకరిని ఒక పూట కూర్చోబెట్టి చదివించి ఉంటే సరిపోయేది.

నా అభిప్రాయం కూడా మీ వెబ్‌సైట్‌లో రాశాను. చీర పట్టు కాదని, ఇక్కత్ కాదని, వెనుక వైపు ఫోటోతో సహా పెట్టాను. అది ఇప్పటివరకు కనిపించలేదు. ఆ చీర కింద ఉన్న పొగడ్తలు మాత్రం పదకొండు. అందులో నాలుగు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయి. మీ దుకాణం గోడ మీద ఏ పొగడ్తా రాసి ఉండేది కాదు. బయటికి వెళ్లే పెళ్లివారి ముఖాలు చూస్తే చాలేది.

మీ వెబ్‌సైట్ పని వేరే విభాగం చూస్తుందని, దుకాణం ఇప్పటికీ మునుపటిలాగే ఉందని మీరు అనుకోవచ్చు. హైదరాబాద్‌లో మీ గుమ్మం తొక్కేవారికి అది నిజమే కావచ్చు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి మీ గుమ్మం ఆ వెబ్‌సైటే. ఆమెకు మీ నాన్నగారు గుర్తులేరు, గద్దె గుర్తులేదు. ఆమెకు తెలిసింది తిరుగుతున్న గడియారం, ముందుగా పెట్టిన టిక్కు, ఏడు ముందు వైపు ఫోటోలు. "అమ్మా, నువ్వు చెప్పిన దుకాణం ఇదేనా?" అని ఆమె అడిగినప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. మీ పేరు ఆమెకు చెప్పింది నేను. కాబట్టి పోయింది మీ మాట ఒక్కటే కాదు, నా మాట కూడా.

పోచంపల్లిలో నా పాత విద్యార్థి ఒకడు సొంతంగా నేసి అమ్ముకుంటున్నాడు. అతనికి వెబ్‌సైట్ లేదు. కొనేవారికి ఫోనులో వీడియో తీసి చూపిస్తాడు. మగ్గం, పోగులు, నేసిన మేరకు చీర, ఆ పైన చీర తిరగేసి వెనుక. వెలుతురు సరిగా ఉండదు, వెనకాల పిల్లల గోల వినిపిస్తుంది. అయినా అవతలివారికి నమ్మకం కుదురుతుంది, కొంటారు. మీ దగ్గర ఖరీదైన కెమెరాలున్నాయి, కావలసినంత మంది పనివాళ్లున్నారు. ఒక్కో చీరకు ఇంకొక్క ఫోటో తీయడం మీకు కష్టం కాదు.

చీర ధర 8,450 రూపాయలు, విరాళం పేరుతో తీసుకున్న 99 రూపాయలు మా అమ్మాయి ఖాతాకు తిరిగి పంపండి. ఆ చీరకు పోచంపల్లి పేరు, పట్టు అన్న మాట వెంటనే తీసేయండి. అదే చీరను ఇక్కత్ అనుకుని కొన్న మిగతావారికి కూడా మీరే సమాచారం ఇచ్చి డబ్బు వాపసు ఇవ్వండి, ఎందుకంటే అందరూ పోగు లాగి కాల్చి చూడరు. ఫిర్యాదుల అధికారి పేరు, ఫోను నంబరు మొదటి పేజీలోనే ఉంచండి. ప్రతి చేనేత చీరకు వెనుక వైపు ఫోటో, నేసిన ఊరి పేరు పెట్టండి. తెలుగు పేజీలు సరిదిద్దడానికి మనిషి దొరకకపోతే నాకు పంపండి, డబ్బు తీసుకోకుండా దిద్ది ఇస్తాను. ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో డబ్బు విషయం తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయిస్తాను, ఆ తర్వాత నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు నకలు, చీర రెండు వైపుల ఫోటోలు, నాలుగు రోజుల గడియారం ఫోటోలు జతచేస్తున్నాను. చీర నా దగ్గరే ఉంది, తీసుకువెళ్లడానికి మనిషిని పంపండి. వచ్చినవారికి మీ నాన్నగారి చేతుల మీదుగా 1991లో కొన్న చీర కూడా తెరిచి, తిప్పి చూపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
నల్గొండ