అగ్నిపర్వతం వైన్ ఈ దసరాకి రాదు

ముందు అసలు మాట చెప్పేస్తాను. దసరాకి మీరు బుక్ చేసుకున్న ఆల్యానికో డెల్ వుల్తురే, అదే మీరంతా మన ఎడిసన్ షాపుకొచ్చి ‘అగ్నిపర్వతం వైన్’ అని అడిగేది, ఇవ్వలేకపోతున్నాను. సరుకు షాపు దాకా వచ్చింది. నేనే వెనక్కి పంపేశాను.

వేసవిలో ఇటలీ నుంచి ఓడ మీద వచ్చే వైన్‌ని ఏసీ కంటైనర్‌లో వేయాలి. అలాగే వేస్తానని ఇంపోర్టర్ మాటిచ్చాడు, దానికి విడిగా డబ్బూ తీసుకున్నాడు. తీరా వేసింది మామూలు కంటైనర్‌లో. జూలై ఎండకి ఆ ఇనప పెట్టె ఎంత కాగిందో సీసాలే చెప్పాయి. కార్కులు పైకి పొడుచుకొచ్చాయి. కొన్నిటికి మూత రేకు కింద జిగటగా చారలు. వేర్వేరు పెట్టెల్లోంచి తీసి రుచి చూశాను. నల్ల చెర్రీ వాసన లేదు, పొగ వాసన లేదు, నాలుకని పట్టేసే ఆ వగరూ లేదు. ఉడికిపోయిన జామ్ వాసన. తాగితే ప్రాణానికేం కాదు, కానీ ఆ సీసా మీకు అమ్మను.

ఇంపోర్టర్‌కి ఫోన్ చేశాను. క్షమాపణ లేదు సరికదా, ‘బదులు ప్రిమితీవో పంపిస్తాను, అదీ దక్షిణ ఇటలీ రెడ్ వైనే, తియ్యగా ఉంటుంది. మీ కస్టమర్లు కారం తినేవాళ్లు, వాళ్లకి తేడా ఏం తెలుస్తుంది’ అన్నాడు. ఈ మాట నాకింకా మింగుడు పడలేదు. గోంగూర మటన్‌లో కారం తగ్గించి పులుపు అలాగే ఉంచితే ఈ వైన్ పులుపు హాయిగా కలిసిపోతుందని నాకు చెప్పింది మీలో ఒకరే. నాటుకోడి పులుసుతో మాత్రం వద్దని, కారానికి ఈ వగరు తోడైతే నోరు మండిపోతుందని తాగి చూసి చెప్పిందీ మీరే.

తేడా ఉంది. దక్షిణ ఇటలీలో బసిలికాటా ప్రాంతంలోని వుల్తురే 1,326 మీటర్ల కొండ, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం. దాని బిలంలో ఇప్పుడు మోంటిక్కియో సరస్సులున్నాయి. బరీలే, రియోనేరో ఊళ్ల చుట్టూ తోటలు. అక్కడి టఫ్ రాయి (అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడింది) చలికాలపు వాన నీటిని దాచుకుని ఎండాకాలం తీగలకి అందిస్తుంది. రాత్రులు చల్లన, అందుకే పండు నెమ్మదిగా పండుతుంది. కోత అక్టోబరు చివర, ఒక్కోసారి నవంబరులో. పులుపు చావదు. (రాయి రుచి సీసాలోకి దిగుతుందని కొందరంటారు, నేను నమ్మను.) ప్రిమితీవో ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లోనే కోతకొచ్చే రకం. మంచిదే, కానీ కొవ్వున్న మటన్ ముద్ద తర్వాత నోరు శుభ్రం చేసే పని దానికి రాదు.

నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం తౌరాసీ అనే ఇంకో వైన్. అదీ దక్షిణ ఇటలీదే, కంపానియా ప్రాంతంలోని ఇర్పీనియాది, ద్రాక్ష అదే ఆల్యానికో, మూడేళ్లు నిలవ ఉంచితే గానీ అమ్మకూడదు. ఇంకో హోల్‌సేలర్ దగ్గర మంచి సరుకుంది. లాభం మొత్తం వదిలేసి కొన్న ధరకే ఇస్తే మీకు కొంచెమే ఎక్కువ పడేది, పండగ గడిచిపోయేది, నా పేరూ నిలబడేది. చాలా ఊగిసలాడాను. చివరికి వద్దనుకున్నాను. వుల్తురే అని చెప్పి డబ్బు కట్టించుకుని ఇంకొకటి చేతిలో పెట్టడమంటే, ఆ ఇంపోర్టర్ నాకు చేయబోయిందే నేను మీకు చేయడం. మా ఆవిడ దీన్ని మొండితనం అంటోంది. అయితే అయింది.

బుకింగ్ డబ్బులు పూర్తిగా వెనక్కి వేసేస్తున్నాను. తౌరాసీ కొన్ని సీసాలు తెప్పించి షెల్ఫ్‌లో పెడతాను, దాని ధర దానిదే. టేస్టింగ్ కోసం తెప్పించిన, బసిలికాటాలోని సెనీసె ఊరి మిరపకాయలు మాత్రం వచ్చేశాయి. వాటిని ఎండబెట్టి మన చల్ల మిరపకాయల్లాగే నూనెలో వేయిస్తారు, కారం ఉండదు. అడిగి పట్టుకెళ్లండి, మటన్ వేపుడు పక్కన బాగుంటాయి.

అసలు వైన్ వేరే ఇంపోర్టర్‌తో చలికాలంలోనే ఓడ ఎక్కిస్తాను, కంటైనర్‌లో ఉష్ణోగ్రత రికార్డు చేసే మీటరు పెట్టించి. ఆ కాగితం చూశాకే సరుకు దించుకుంటాను. ధర కాస్త పెరుగుతుంది. ఈ ఒక్కసారికి బేరం ఆడకండి.