నీళ్ళు ఎందుకు ఎగిరాయంటే

రేక్‌జావిక్, ఐస్‌లాండ్
అక్టోబరు నెల

చిరంజీవులు చిన్నా, బుజ్జీలకు,

పిన్ని ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్ముతున్న వీడియో నేను పంపితే, అది చూసి మీరిద్దరూ పోట్లాడుకున్నారని అమ్మ చెప్పింది. నేల కింద ఎవరో మోటారు బిగించారని చిన్నా వాదనట, కాదు అది అగ్నిపర్వతమేనని బుజ్జి వాదనట. ఫోనులో చెబితే సగం విని ఆటకు పరుగెడతారు కనుక ఉత్తరం రాస్తున్నాను. అర్థం కాని చోట తాతయ్యను అడగండి. ఉద్యోగమంతా బొగ్గు గనిలో చేసిన మనిషి, నేల లోపలి వేడి నాకంటే ఆయనకే బాగా తెలుసు.

మీరు చూసిన ఊట పేరు స్ట్రొక్కుర్. హౌకాదాలుర్ అనే లోయలో ఉంది. ఐదు పది నిమిషాలకు ఒకసారి 15, 20 మీటర్ల ఎత్తుకు వేడినీళ్ళు ఎగజిమ్ముతుంది. తాడు కట్టి, జనాన్ని దూరంగా నిలబెడతారు. అయినా గాలివాటు చూసుకోకుండా నిలబడినవాళ్ళు తడిసి ముద్దవుతారు. అలా తడిసేది ఎక్కువగా ఫోను పట్టుకున్నవాళ్ళే.

అసలు సంగతికి వస్తాను. వానా మంచూ నేలలోకి ఇంకి, కింద వేడి రాళ్ళను తాకి, సన్నని నిలువు దారి గుండా పైకి వస్తాయి. ఆ దారి సన్నగా ఉండటంలోనే కిటుకంతా ఉంది. అమ్మ కుక్కరు గుర్తు తెచ్చుకోండి. మూత బిగించి ఉంటుంది కాబట్టి అందులో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు, దాదాపు 120 దాకా పోతాయి. ఊటకు మూత లేదు, పైనున్న నీటి బరువే దాని మూత. 10 మీటర్ల లోతుకు వెళ్తే ఒత్తిడి పైనున్నదానికి రెండింతలవుతుంది. అందుకే అక్కడి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా ఆవిరి కాలేక, అలాగే కాగుతూ ఉండిపోతాయి.

ఎక్కడో ఒకచోట కొంచెం ఆవిరి పుట్టి పైకి వస్తుంది. దాని తోపుడుకు గుంటలోని నీళ్ళు నీలంగా, గుండ్రంగా ఉబ్బుతాయి. వీడియోను మెల్లగా తిప్పి చూడండి, ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ ఉబ్బుకు పై నీళ్ళు కొన్ని పక్కకు పొర్లిపోతాయి. బరువు తగ్గింది కదా, ఇక కింది నీళ్ళను ఆపేవాళ్ళు లేరు. ఒక్కసారిగా ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. ఆ ఇరుకు దారిలో అంత చోటు ఎక్కడిది? అడ్డమున్న నీళ్ళన్నిటినీ పైకి విసిరేస్తుంది. తర్వాత గుంట మళ్ళీ నిండాలి, మళ్ళీ కాగాలి. మధ్యలో ఆ నిమిషాల విరామం అందుకే. పక్కనే బ్లెసి అనే గుంటలు కూడా ఉన్నాయి. నీళ్ళు వేడివే, నేలా అదే, కానీ అవి ఎగరవు.

ఇదంతా ముందుగా కొలిచి చూసినవాళ్ళలో బున్సెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒకరు. మీ బడి ప్రయోగశాలలోని బున్సెన్ బర్నర్ ఆయన పేరు మీదిదే. 1846లో ఇక్కడికి వచ్చి, స్ట్రొక్కుర్‌కు పెద్దన్న లాంటి గైసిర్ ఊటలోకి ఉష్ణమాపకం దించి, లోపల 100 డిగ్రీలు దాటిన నీళ్ళున్నాయని కనుక్కున్నారు. ఎప్పుడు ఎగసి పడుతుందో తెలియని ఊటలోకి ఉష్ణమాపకం దించడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి! ఆ గైసిర్ ఇప్పుడు చాలావరకు నిద్రలోనే ఉంటుంది. ఒకప్పుడు పండుగలప్పుడు దాన్ని లేపడానికి సబ్బు వేసేవారట. ఇప్పుడలా చేయరు. చిన్నా, ఇలాంటి ఆలోచనలు నీకు త్వరగా వస్తాయి కాబట్టి ముందే చెబుతున్నాను.

నీ మోటారు వాదన పూర్తిగా కొట్టేయలేను కూడా. స్ట్రొక్కుర్ 1789లో భూకంపంతో మొదలై, 1896లో మరో భూకంపంతో ఆగిపోయింది. 1963లో ఇక్కడి మనుషులే దాని పూడిక తీస్తే మళ్ళీ లేచింది. బుజ్జి మాటలోనూ సగం నిజం ఉంది. ఊట అగ్నిపర్వతం కాదు, కానీ వేడి వచ్చేది మాత్రం ఆ పొయ్యి నుంచే. భూమి పైపొరలోని రెండు పెద్ద రాతి పలకలు, ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున ఈ దేశం మధ్యలోనే విడిపోతున్నాయి. ఆ సందులోకి కింది నుంచి శిలాద్రవం, అంటే కరిగిన రాయి, వస్తూ ఉంటుంది. ఎప్పుడూ ఇలా ముద్దుగా నీళ్ళు చిమ్మి ఊరుకుంటుందనుకోకండి. 2023 నవంబరులో గ్రిందావిక్ అనే ఊరిని ఒక్క రాత్రిలో ఖాళీ చేయించారు. డిసెంబరులో ఆ దగ్గరే నేల చీలి లావా వచ్చింది.

మా ఇంటి కుళాయిలో వేడినీళ్ళు కూడా ఆ పొయ్యి సొమ్మే. ఈ దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళు భూమి వేడితోనే వెచ్చగా ఉంటాయి. స్నానం చేస్తుంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, గంధకం ఉంటుంది కదా. మీ బాబాయికి ఇప్పటికీ అలవాటు కాలేదు.

ఇంతకీ ఇందుకోసం విమానం ఎక్కాల్సిన పనిలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు ఉందో లేదో చూడటానికి ఎప్పుడో వేసిన బోర్ల నుంచి వేడినీళ్ళు పారుతున్నాయి. సింగరేణి వాళ్ళు అక్కడ 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రం కూడా పెట్టారు. అక్కడ అగ్నిపర్వతం లేదు. లోతుకు పోయేకొద్దీ భూమి వేడెక్కుతుంది, కిలోమీటరుకు పాతిక ముప్పై డిగ్రీల చొప్పున. గోదావరి లోయ పగుళ్ళలో బాగా లోతుకు దిగిన నీళ్ళు ఆ వేడి మోసుకుని పైకి వస్తాయి. మరిగే స్థాయికి చేరవు కాబట్టి ఎగరవు, పారుతాయి అంతే. తాతయ్యను తీసుకెళ్ళమనండి. చేయి పెట్టే ముందు ఆయన్ను అడగండి.

ఇక్కడి ఆకాశంలో రాత్రిళ్ళు కనిపించే ఆకుపచ్చని వెలుగు (అరోరా) గురించి రాయమని బుజ్జి అడిగింది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు 100 కిలోమీటర్ల పైన గాలిలోని ఆక్సిజన్‌ను గుద్దుకుంటే ఆ రంగు వస్తుంది. అయితే కంటికి చాలాసార్లు బూడిదరంగు పొగలాగే కనిపిస్తుంది. ఫోటోలు చూసి ఆశపడి వచ్చినవాళ్ళు చలిలో మెడలు నొప్పి పెట్టించుకుని వెళ్తుంటారు. నాకైతే స్ట్రొక్కురే నచ్చింది, పది నిమిషాలు ఓపిక పడితే చాలు.

అమ్మకు చెప్పండి, గోంగూర పచ్చడి సీసా పగలకుండా అందింది.

మీ పిన్ని