సానుభూతితో గెలిచి అక్కడే ఆగని నాయకురాలు

సంపాదకులకు నమస్కారం.

తైవాన్ గురించి మన పత్రికల్లో వార్త వచ్చిందంటే అది చిప్‌ల గురించో, చైనా యుద్ధవిమానాల గురించో అయి ఉంటుంది. అక్కడ సొంత భాష ఉన్న హక్కా అనే జనవర్గం ఊసే ఉండదు. మనకు ఆ పేరు నూడుల్సుతోనే పరిచయం. నాయకుడు మరణిస్తే భార్యకు టికెట్టివ్వడం, ఆ తర్వాత ఆమె మాట ఎక్కడా వినపడకపోవడం చూసి చూసి అలవాటుపడిన మనకు తైవాన్ హక్కా నాయకురాలు యెహ్ చూలాన్ కథ తెలియాలి.

మియావోలీ ప్రాంతంలోని హక్కా కుటుంబంలో 1949లో పుట్టిన ఆమె ప్రకటనల రంగంలో పనిచేసేవారు. భర్త చెంగ్ నాన్‌జంగ్ పత్రికా సంపాదకుడు. తైవాన్‌కు కొత్త రాజ్యాంగ ముసాయిదాను అచ్చువేసినందుకు ఆయనపై రాజద్రోహం కేసు పెట్టారు. 1989 ఏప్రిల్ 7న పోలీసులు పట్టుకోవడానికి వస్తే, కార్యాలయంలోనే నిప్పంటించుకుని ప్రాణం విడిచారు. ఆ డిసెంబరులోనే చూలాన్ జాతీయ చట్టసభకు గెలిచారు. ఆ గెలుపులో సానుభూతి లేదనను. పదేళ్లపాటు మళ్లీ మళ్లీ గెలిపించేది మాత్రం సానుభూతి కాదు.

2000లో రవాణా మంత్రి అయ్యారు. 2002లో చేపట్టిన హక్కా వ్యవహారాల మండలి బాధ్యతే నా దృష్టిలో అసలైనది. సైనిక శాసనం నాళ్లలో బడిలో సొంత భాష మాట్లాడిన పిల్లలను దండించేవారు. మా భాష మాకివ్వండంటూ 1988 చివర్లో హక్కాలు తైపే వీధుల్లో నడిచారు. ఆ కోరికకు 2001లో ఈ మండలి రూపంలో ఒక ప్రభుత్వ శాఖ, చూలాన్ హయాంలో 2003 జులైలో సొంత టీవీ చానల్ దక్కాయి. శాలువాలతో, సభలతో భాషాసేవ ముగించే మనం గమనించవలసింది ఇక్కడే. అయితే చానల్ వచ్చినా, హక్కా ఇళ్లలో పిల్లల నోట ఆ భాష తగ్గుతూనే ఉంది. ఇది చెప్పకపోతే నా లేఖ ఉత్త భజన అవుతుంది.

2004లో ఉప ప్రధాని. మరుసటి ఏడాది కావోస్యుంగ్ నగరంలో మెట్రో పనులు చేస్తున్న థాయ్ కార్మికుల అల్లర్ల తర్వాత తాత్కాలిక మేయర్ రాజీనామా చేస్తే, ఆ స్థానంలో ఆమెను నియమించారు. ఉప ప్రధానిగా చేసినవారు నగరపాలనకు దిగడమంటే మన దగ్గర పరువు తక్కువ! ప్రజలు ఎన్నుకున్న మేయర్ కాకపోయినా, 2006 డిసెంబరు దాకా ఆమె అక్కడే పనిచేశారు. 2007లో అధ్యక్ష కార్యాలయ ప్రధాన కార్యదర్శి అయ్యారు.

మీ ఆదివారం సంచికలో ఆమె గురించి ఒక వ్యాసం వేయండి. భర్త మరణం దగ్గరే ఆపకుండా, ఆ హక్కా మండలి డబ్బు ఎలా ఖర్చుపెడుతోందో, ఏం సాధించిందో కూడా రాయించండి.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం